చేప గుర్తు కత్తి

మాఘ శుద్ధ విదియ, గురువారం

ఆయన చెయ్యి విరిగింది.

ఆరేళ్ళ కింద నా పెళ్ళినాడు, చిన్నప్పుడు నాకు నాలుగో తరగతి దాకా చదువు చెప్పిన పంతులుగారు ఈ నోటుబుక్కు చేతిలో పెట్టి "ఏమన్న రాసుకో బిడ్డా" అన్నారు. మొదటి పేజీలో నా పేరు తప్ప ఇంతవరకు ఏమీ రాయలేదు. గంగమణి. అంతే. రాసుకునేంత కష్టం ఏదీ రాలేదు మరి.

నిన్న మంజీర అవతల పెళ్ళికి పోయి వస్తుంటే రేవు దగ్గర బండి తిరగబడింది. ఎడ్లకేమీ కాలేదు. ఆయన కుడి మణికట్టు విరిగింది. మంగలిపొది మడుగులో పడిపోయింది. మూడు కత్తులు, అద్దం, గిన్నె, అన్నీ పోయాయి. కత్తెర ఒక్కటి నడుముకు దోపుకుని ఉండబట్టి మిగిలింది. కట్టు కట్టే ఆయన వెదురుబద్దలు వేసి, నలభై రోజులు కదిలించొద్దన్నాడు.

"ఏంది గట్ల చూస్తున్నవ్? చెయ్యే గదా ఇరిగింది, నోరు ఇరగలే" అని నవ్వాడు. కాసేపాగి, "మంజీరల చేపలకు ఇగ గడ్డం బాధ లేదు, నా కత్తులన్ని వాటికే" అన్నాడు.

పేరు నోటితో అనను. రాస్తే తప్పు లేదేమో. పండరి. పండరి.

రెండుసార్లు రాశాను.

చవితి, శనివారం

బిచ్కుంద నుంచి ఆశన్న బావ వచ్చాడు. మా ఆయనకు పెదనాన్న కొడుకు. పొదితో సహా వచ్చాడు.

"తమ్మీ, నువ్వు జర గూడ ఫికర్ జెయ్యకు. నీ చెయ్యి మంచిగయ్యేదాక నీ ఇండ్లు నేను చూసుకుంట."

మంచి మాటే. ఊళ్ళో మాకు మామగారి తండ్రి కాలం నుంచి పనికి పోయే ఇళ్ళున్నాయి. ఎవరి గడ్డం ఎవరు గీయాలో, ఎవరింటి పెళ్ళికి ఎవరు పోవాలో ఉగాది మరునాడు వెంకట్రాములు పటేల్ చావడిలో చెప్తాడు. ఏటేటా మా పేరే చెప్తాడు కాబట్టి వినడానికి కూడా ఎవరూ పోరు.

మా ఆయన బోధన్‌కు మనిషిని పంపి కొత్త కత్తి కోసం అడిగించాడు. లడాయి మొదలైనప్పటి నుంచి జర్మనీ సరుకు రావడం లేదట. హైదరాబాదులోనే దొరకడం లేదట.

షష్ఠి, సోమవారం

కట్టు కింద వేయడానికి మెత్తటి పాతగుడ్డ కావాలని దూలం మీద వెతుకుతుంటే ఒక మూట చేతికి తగిలింది. విప్పితే మంగలి కత్తి. కత్తి అనుకోవడానికి కూడా కాస్త ఆలోచించాలి. అలుగు నిండా తుప్పు. పిడి బర్రెకొమ్ముది, నడిమికి చీలింది. మడిచిన కత్తి మడిచినట్టే బిగుసుకుపోయింది.

అత్తను అడిగాను. మా అత్త పోసవ్వ ఊరికంతటికీ మంత్రసాని. పొద్దున పోతే ఎప్పుడొస్తుందో తెలియదు, వచ్చినా కాళ్ళు కడుక్కునేలోపు మళ్ళీ ఎవరో పిలుస్తారు.

"మీ మామది. ఆయన పోయినంక పండరి కొత్తయి తెచ్చుకున్నడు. గా జంగు పట్టినదాంతోని నీకేం పని?" అంది.

"ఊకెనే అత్తా."

ఆయన కట్టు విప్పేసరికి ఇంట్లో కత్తి ఒకటి ఉండాలి కదా. శుభ్రం చేసి పెడతాను. అంతకు మించి ఏం లేదు.

సప్తమి, మంగళవారం

గిన్నెలో కిరసనాయిలు పోసి కత్తిని నానబెట్టాను. లడాయి రోజులు కదా, నెలకు ఇచ్చేదే సీసాడు. వారం పాటు పెందలాడే అన్నాలు తినేస్తే దీపం ఖర్చు తప్పుతుంది.

దశమి, శుక్రవారం

తెరుచుకుంది!

మూడు రోజులు నాని, ఇవాళ కొంచెం కొంచెంగా ఊపుతుంటే కిర్రుమని కదిలింది. మధ్యాహ్నం ఆయన కాలువ గట్టు మీద ముచ్చట్లకు పోగానే పెరట్లో కూర్చున్నాను. మొదట చింతపండు, బూడిద. తర్వాత మెత్తగా నూరిన ఇటుకపొడి, నూనె. గుడ్డతో పొడుగునా రుద్దాలి, అడ్డంగా రుద్దితే గీతలు పడతాయి. ఒక్క గుడ్డ నల్లబడింది, రెండోది ఎర్రబడింది, మూడోదానికి ఇనుము మెరిసింది. తుప్పు కింద చిన్న గుంటలు ఉన్నాయి, అవి పోవు. అంచు దగ్గర మాత్రం ఇనుము గట్టిగానే ఉంది. పిడి దగ్గర వేలిగోరంత చేప బొమ్మ బయటపడింది. పొలుసులతో సహా చెక్కాడు ఎవడో. దాని పక్కన ఏవో ఇంగ్లీషు అక్షరాలు.

పిడికి కమ్మరి రామబ్రహ్మం దగ్గరికి పోయాను. మేకు ఊడదీసి, కొత్త కొమ్ముతో పిడి చేస్తానన్నాడు.

"గిది ఎవలికమ్మా?"

"మా ఆయనకే. చెయ్యి మంచిగైనంక."

"మరి పిడి సన్నగ జెయ్యమంటున్నవేంది? పండరి చెయ్యి గింత లావుంటది గద."

సన్నగా చేయమన్నానా? అన్నట్టే ఉన్నాను.

ఏదో ఒకటి చెయ్యమని వచ్చేశాను.

ద్వాదశి, ఆదివారం

కొత్త పిడి, ఇత్తడి మేకు. కత్తి మూస్తే చప్పుడు కాకుండా పోయి పడుకుంటుంది.

ఇక సాన. ఆయన సానరాయి బరువని ఇంట్లోనే వదిలి పోతాడు కాబట్టి మిగిలింది. మా పుట్టింట్లో ఎనిమిదో ఏటి నుంచి నాయన కత్తులకు సాన పట్టే పని నాదే. పెళ్ళయ్యాక ఆయన ఆ పని నాకు ఇవ్వలేదు. "నీకెందుకే, వేళ్ళు తెగుతయ్" అంటాడు. నేనూ అడగలేదు.

అంచున నువ్వుగింజంత పెంకు లేచి ఉంది. అది పోవాలంటే ముందు గరుకురాయి మీద అంచు మొత్తాన్ని దిగదీయాలి. కత్తి వెన్ను రాయికి ఆనించి, అంచు ముందుండేలా తోయాలి. అటొకసారి, ఇటొకసారి. ఒక పక్క ఎక్కువైతే అంచు వంగుతుంది. నా చేతులకు అన్నీ గుర్తున్నాయి. పెంకు పోయేసరికి పొద్దు వాలింది. చూపుడువేలు తెగింది.

"వేలికేమైంది?" అన్నాడు ఆయన.

"ఉల్లిగడ్డ కోస్తుంటే."

ఇంట్లో ఉల్లిగడ్డలు లేవని తర్వాత గుర్తొచ్చింది. ఆయన గమనించలేదు.

పౌర్ణమి, బుధవారం

మెత్తరాయి అయింది, తోలుపట్టా అయింది. తలవెంట్రుక ఒకటి పీకి పట్టుకుని కత్తికి ఆనిస్తే రెండు ముక్కలై పడింది. పెరట్లో ఒక్కదాన్నే నవ్వాను.

కత్తి అయిపోయింది. చుట్టి దూలం మీద పెట్టేస్తే పని అయిపోయినట్టే.

కానీ పదునైన కత్తి వెంట్రుక కోయడం వేరు, గడ్డం గీయడం వేరు. సరిగ్గా ఉందో లేదో తెలియకుండా ఆయన చేతికి ఎలా ఇస్తాను? పాదు మీద లేత సొరకాయ ఉంది. ఒళ్ళంతా నూగు. దానికి సబ్బు నురగ పూసి, ఒళ్ళో పెట్టుకుని గీశాను. మొదటిదాన్ని నాలుగు చోట్ల కోశాను. పచ్చటి నీరు కారింది. పాపం అనిపించింది.

కూర వండాను.

బహుళ పాడ్యమి, గురువారం

సొరకాయ.

విదియ, శుక్రవారం

సొరకాయ. రెండు చోట్లే తెగింది. బుగ్గల్లాంటి చోటు సులువు. తొడిమె దగ్గర మెడలాగా వంపు తిరుగుతుంది చూడు, అక్కడే కష్టం.

తదియ, శనివారం

ఒక్క గాటు లేదు. కాయ నున్నగా పసిపిల్లలా ఉంది.

"మళ్ళ గిదే కూరనా?" అన్నాడు ఆయన.

"పాదు మంచిగ కాస్తుంది. పారేస్తమా?"

పంచమి, సోమవారం

ఆశన్న బావ చెయ్యి వడి. ఆ మాట ఊళ్ళో అందరూ అంటున్నారు. పొద్దున పదిమందివి చేసి, ఎండ ఎక్కేలోపు హోటలు దగ్గర చాయ్ తాగుతుంటాడు. మా ఆయన అయితే ఒక గడ్డానికి ఒక కథ చెప్తాడు. గడ్డం అయ్యాక కూడా కథ కోసం కూర్చుంటారు.

ఇవాళ రామబ్రహ్మం చెప్పాడు. బావ బిచ్కుందలో ఇల్లు ఖాళీ చేస్తున్నాడట. ఉగాదికి ఇళ్ళన్నీ తన పేరున చెప్పమని పటేల్‌ను అడిగాడట.

మా ఆయనకు చెప్పాను. ఆయన తెలుసన్నాడు. తర్వాత గోడకు ఆనుకుని కట్టు వైపు చూస్తూ కూర్చున్నాడు. పందొమ్మిది రోజుల గడ్డం పెరిగింది. బావ చేస్తానన్నా వద్దంటున్నాడు.

దశమి, శనివారం

వివరంగా రాయాలి.

అత్త పొద్దున్నే ఎవరింటికో పురుడుకు పోయింది. నేను వాకిలి ఊడ్చి లోపలికి వచ్చేసరికి ఆయన పీట వేసుకుని వెలుతురుకు ఎదురుగా కూర్చుని ఉన్నాడు. భుజం మీద తువ్వాల.

"గంగా, గా కత్తి దెచ్చుకో."

"ఏ కత్తి?"

"ఏ కత్తంటే? సొరకాయలు గీకేది."

చీపురు మూలన పెట్టాను.

"వారం దినాలసంది సొరకాయ తింటున్న. పెరట్ల ఇంక మూడు కాయలున్నయ్, ఒక్కదాని మీద నూగు లేదు. కాయలకు గడ్డం గీకేటోళ్ళు మన కులంల ఎవలు లేరే. నువ్వే మొదలు."

దూలం మీది నుంచి తీసి ఇచ్చాను. ఎడమచేత్తో విప్పాడు. వెలుతురుకు అటూ ఇటూ తిప్పాడు. చేప మీద బొటనవేలు పెట్టి చాలాసేపు చూశాడు. ముంజేతి మీద ఒక్కసారి పెట్టి లాగితే వెంట్రుకలు రాలిపడ్డాయి.

"మా నాయన కత్తి. ఒక చేప ఎత్తుకపోయింది, ఇంకో చేప తెచ్చిచ్చిందన్నట్టు." నాకు తిరిగి ఇచ్చాడు. "ఇగ గీకు."

నురగ పూశాను. ఆరేళ్ళ సంసారంలో ఆయన ముఖాన్ని ఇంత దగ్గరగా, ఇంత వెలుతురులో నేనెప్పుడూ చూడలేదు. ఎడమ కనుబొమ్మ కింద చిన్న మచ్చ ఉంది. ఎప్పటిదో అడగాలి.

"కోసుకుంటదేమో" అన్నాను.

"కోసుకోనియ్యి. ఎడమ చేతితోని తోలు గుంజి పట్టు. బలం పెట్టకు. కత్తి బరువే చాలు. ఆఁ. గట్లనే."

బుగ్గ అయింది. రెండో బుగ్గ అయింది. గదుమ దగ్గర ఆయనకేదో నవ్వొచ్చి కదిలాడు.

"అబ్బా! సొరకాయ గాదే అది!"

రక్తం చూసి నాకు ఏడుపొచ్చింది. ఆయన నవ్వుతూనే ఉన్నాడు. పటిక రాసి, మెడ కూడా పూర్తి చేశాను. అయ్యాక ఎడమచేత్తో చెంపలు తడుముకున్నాడు, ఒకవైపు, మళ్ళీ ఇంకోవైపు.

"అచ్చం మా నాయన చెయ్యే. కని మా నాయన గింత రక్తం తీయకుండె."

మధ్యాహ్నం అత్త వచ్చి కొడుకు ముఖం చూసింది. నా ముఖం చూసింది. కాళ్ళు కడుక్కోవడానికి పోయింది.

ఫాల్గుణ శుద్ధ దశమి, ఆదివారం

కట్టు విప్పారు.

ఎముక అతికింది. చెయ్యి పైకి లేస్తుంది, మణికట్టు తిరుగుతుంది. కత్తెర పట్టుకున్నాడు, ఆడింది. కానీ కత్తి పట్టాలంటే బొటనవేలు చూపుడువేలికి అంటుకోవాలి. దగ్గరికి వచ్చి, వడ్లగింజంత దూరంలో ఆగిపోతుంది.

ఏకాదశి, సోమవారం

ఇవాళ కూడా వడ్లగింజంతే.

ద్వాదశి, మంగళవారం

ఇవాళ కూడా. నువ్వులనూనె కాచి మర్దన చేశాను.

త్రయోదశి, బుధవారం

మూడు రోజులుగా ఆయన ఒక్క హాస్యం ఆడలేదు. నా వంటకు వంక పెట్టినా బాగుండు.

బహుళ విదియ, ఆదివారం

తండా నుంచి లచ్చిరాం వచ్చాడు. చెరుకు నాటే రైతు. హోళీ రంగు ఇంకా చెవుల వెనక ఉంది. కొడుకు రూప్లాకు బుధవారం పెళ్ళి.

"పండరి అన్నా, ఆశన్న తండాకు రానంటుండు. దూరమంట. ఊళ్ళె పనే ఎక్కువున్నదంట. మా పోరడు గడ్డంతోని పీటల మీద కూసోవాల్నా?"

ఆయన చెయ్యి చూపించాడు. లచ్చిరాం చూసి, తల వంచుకుని, లేవబోయాడు.

అత్త వక్క నములుతూ మూలన కూర్చుని ఉంది. "కూసో. నా కోడలు వస్తది" అంది.

నేను చేతిలో చెంబు పట్టుకుని నిలబడిపోయాను. లచ్చిరాం నన్ను చూసి, ఆయనను చూశాడు. నేనూ ఆయననే చూస్తున్నాను. వద్దంటే బాగుండు అనుకున్నాను. అనకపోతే బాగుండు అని కూడా అనుకున్నాను. ఆయన లేచి లచ్చిరాం ముందుకు పోయి, చెంప తిప్పి చూపించాడు.

"ముట్టి చూడు. నాల్గొద్దుల కింద ఆమె చేసిందే."

లచ్చిరాం నిజంగానే ముట్టి చూశాడు. "కోసుకపోదు గదా?" అన్నాడు.

"మొదటిసారి జర కోసింది. గా వాటా నేను తీసుకున్న."

వారం రోజుల తర్వాత ఆయన ఇవాళ నవ్వాడు.

పంచమి, బుధవారం

చేతులు నొప్పిగా ఉన్నాయి, అయినా రాస్తాను.

ఆయనా నేనూ కలిసి పోయాం. ఆయన దగ్గర కత్తెర, నా దగ్గర కత్తి. తండా ఆడవాళ్ళంతా చుట్టూ చేరారు. రూప్లా తల్లి మోతీబాయి నన్ను చూసి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వింది. ఆమె గాజులు కూడా నవ్వినట్టే ఉంది. రూప్లా పీట మీద కూర్చుని కళ్ళు గట్టిగా మూసుకున్నాడు. నేనింకా నురగే పూస్తున్నాను, కత్తి విప్పనేలేదు.

"యాడీ!" అని అరిచాడు.

అమ్మా అనడం వాళ్ళ భాషలో. తండా అంతా పడి పడి నవ్వింది. ఆయన పక్కన కూర్చుని కథ మొదలుపెట్టాడు. బండి ఎట్లా తిరగబడిందీ, మంజీర చేపలు ఇప్పుడెంత నున్నగా ఉన్నాయీ. రూప్లా కథ వింటూ కళ్ళు తెరిచాడు. కథ అయ్యేసరికి గడ్డం అయింది. ఒక్క గాటు లేదు.

మోతీబాయి కొడుకు చెంప తడిమి, నా చెయ్యి తిప్పి చూసింది. "గీ చేతుల ఏమున్నది అక్కా?" అంది.

ముందు ముసలివాళ్ళు వచ్చి కూర్చున్నారు. తర్వాత వాళ్ళ కొడుకులు. పొద్దు వాలేదాకా పని. వచ్చేటప్పుడు బండి నిండా చెరుకు గడలు వేశారు.

దారిలో ఆయన అన్నాడు: "నువ్వు గీకుతుంటే నాకు కత వచ్చింది. నేనే గీకేటప్పుడు సగం ధ్యానం కత్తి మీదనే ఉంటుండె."

ఇది ఆయన చెయ్యి కుదిరేదాకే.

పైన రాసిన వాక్యం నేను నమ్మడం లేదు.

చైత్ర శుద్ధ విదియ, ఆదివారం

చావడి నిండిపోయింది. ఈసారి వినడానికి అందరూ వచ్చారు.

ఆశన్న బావ ముందు మాట్లాడాడు. తప్పుగా ఏమీ అనలేదు. "పటేలా, మా తమ్ముడు మంచోడే. కని చెయ్యి రాదు. నాకు గూడ నలుగురు పిల్లలున్నరు. ఇండ్లు నాకు చెప్పుండ్రి, తమ్మున్ని నేను చూసుకుంట."

వెంకట్రాములు పటేల్ ఆయనను అడిగాడు. "కత్తి పడ్తవా పండరీ?"

ఏదో సర్ది చెప్తాడనుకున్నాను. అందరి ముందు ఆ వేళ్ళు చూపించడు అనుకున్నాను. ఆయన చెయ్యి పైకెత్తాడు. వేళ్ళు కలపబోయి, కలవని చోట ఆపి చూపించాడు.

"పట్టలేను పటేలా. కత్తెర ఆడ్తది. కత్తి నా పెండ్లాం పడ్తది."

చావడి గొల్లుమంది. నాకు భూమిలోకి పోవాలనిపించింది. పటేల్ కూడా నవ్వు ఆపుకోలేక మీసం దువ్వుకున్నాడు. "ఆడమనిషి చేతుల గదుమ పెడ్తరా ఎవలన్న? నలుగురు ఏమంటరు?"

వెనక నుంచి మా అత్త లేచింది. మనుషులను చేతులతో పక్కకు జరుపుకుంటూ ముందుకు వచ్చింది.

"ఓ పటేలా. నీ తలకాయ ఈ లోకంల మొదలు పట్టుకున్నది ఎవలు? నేనే గదా. గీ చావడిల ఉన్నోళ్ళు సగం మంది నా చేతుల పడ్డోళ్ళే. గప్పుడు ఒక్కడన్న ఆడచెయ్యి వద్దన్నడా?"

నవ్వులన్నీ ఆగిపోయాయి. అప్పుడు పక్క మంచం మీది నుంచి ఒక్క నవ్వు వినిపించింది. పటేల్ తండ్రి, ఎనభై దాటిన పెద్ద పటేల్. పళ్ళు లేని నవ్వు.

"నాకు గీకుమను. మొన్న ఆశన్న వడి వడిగ గీకి మూడుచోట్ల కోసిండు. రమ్మను గా పిల్లను."

పోయాను. నా కాళ్ళు పోయాయి అంటే నిజం. కొంగులో ఉన్న కత్తి తీసి, నురగ పూశాను. ముసలి చర్మం అంతా మడతలు. ఒక మడతను చదును చేస్తే పక్కది లేస్తుంది. తోలు గుంజి పట్టు, బలం పెట్టకు, కత్తి బరువే చాలు. మనసులో అనుకుంటూ గీస్తున్నాను. చావడిలో ఎవరూ దగ్గలేదు కూడా. ఒక చెంప అయ్యాక ముఖం ఇటు తిప్పబోతే తల బరువుగా నా అరచేతిలోకి వాలింది. కత్తి అట్లాగే ఆపాను.

గురక వినిపించింది.

నిద్రపోయాడు. కత్తి మెడ మీద ఉండగా, ఊరంతా చూస్తుండగా, హాయిగా నిద్రపోయాడు. ఆ తల అట్లాగే ఒక చేత్తో పట్టుకుని రెండో చెంపా, మెడా పూర్తి చేశాను. తుడిచాను. లేవలేదు.

పటేల్ వంగి తండ్రి ముఖం దగ్గరగా చూశాడు. ఏదో చెప్పబోయి గొంతు తగ్గించాడు.

"ఇండ్లు పండరియే. తండాలు గూడ వానియే" అన్నాడు గుసగుసగా. "కాలువ దిక్కు కొత్తగ కట్టిన ఇండ్లు ఆశన్నకు. ఇగ పోండ్రి అందరు. సప్పుడు చెయ్యకుండ్రి, బాపు పండుకున్నడు."

అంతమందీ చెప్పులు చేత పట్టుకుని బయటికి నడిచారు.

ఆశన్న బావ భోజనానికి మా ఇంటికే వచ్చాడు. మొదట ముఖం ముడుచుకుని కూర్చున్నాడు. రెండోసారి పప్పు వడ్డించుకున్నాక, "గా కత్తికి సాన ఎట్ల పట్టినవ్ మరదలా?" అని అడిగాడు. చెప్పాను.

చవితి, మంగళవారం

పొద్దున మా వాకిట్లో పీట వేశాం. ముగ్గురు ముసలివాళ్ళు, రామబ్రహ్మం. ఆయన కథ చెప్పాడు, నేను గీశాను. రామబ్రహ్మం లేచి పోతూ, పిడి సన్నగా చేయడం తన తెలివే అన్నాడు. కాదనలేదు.

గోడ అవతల ఒక కుర్రాడు తలకు తువ్వాల చుట్టుకుని చాలాసేపు నిలబడి చూశాడు. కొత్త గడ్డం, సరిగ్గా మొలవను కూడా లేదు. నేను అటు తిరగ్గానే పోయాడు.

రేపు వస్తాడు.